మోటారు సైకిల్ బ్రేకుల కీచు: విశాఖ ఉప్పుగాలిలో కారణాలు, మరమ్మతు

బ్రేకు పట్టినప్పుడు ప్యాడ్ గానీ షూ గానీ తిరిగే లోహాన్ని రాసుకుంటూ, తాను వణికి, ఆ లోహాన్నీ వణికించి పుట్టించే సన్నని కూతను కీచు అంటారు. మెకానిక్కు షెడ్లలో ఇంకా సూటిగా "బ్రేకు అరుస్తోంది" అంటారు. సెకనుకు వెయ్యికి పైబడిన కంపనాల శబ్దాన్నే ఇంజనీర్లు కీచుగా లెక్కిస్తారు. అంతకు దిగువన వినిపించే మూలుగు, గరగర, దడదడ వేరే జాతి. మనిషి చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలు అన్నిటికన్నా పదునుగా తగులుతాయి. కీచు చాలావరకు ఆ మేరలోనే పడుతుంది. అందుకే 100 సీసీ బండి అరిచినా వీధంతా తల తిప్పి చూస్తుంది.

ఈ విషయాన్ని చదువుకోవడానికి విశాఖపట్నం కంటే అనువైన ఊరు తెలుగునాట లేదు. సముద్రపు తేమ, రేవు దుమ్ము, కొండవాలు రోడ్లు మూడూ ఇక్కడ ఒకే బండి మీద పనిచేస్తాయి. కొత్త బ్రేకు షూస్ వేయించుకున్న వారం రోజులకే మళ్లీ కూత మొదలైందని వాపోయే విశాఖవాసులు మెకానిక్కును అనుమానించే ముందు ఈ మూడింటినీ ఒకసారి తలచుకోవాలి.

శబ్దం పుట్టే తీరు

రెండు వస్తువులు సాఫీగా జారితే చప్పుడు ఉండదు. ఒకదాన్నొకటి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటే శబ్దం పుడుతుంది. కమాను వయొలిన్ తీగను పలికించేదీ, తడి వేలు గాజు గ్లాసు అంచు మీద కూత పుట్టించేదీ ఈ పట్టు విడుపులే. బ్రేకులో ఇది సెకనుకు కొన్ని వేలసార్లు జరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ రాపిడి పెరిగే స్వభావం ప్యాడ్‌కు ఉంటే ఈ ఆట మరీ ముదురుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగబోయే ఆఖరి రెండు మూడు గజాల్లో కూత హెచ్చడానికి ఇదొక కారణం.

రాపిడి గుణం ఒక్కటే చాలదని 1960ల మొదట్లో స్పర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు చూపించాడు. చేతికర్రను ముందుకు వాల్చి నేల మీద నెట్టుకుంటూ నడిస్తే అది గుచ్చుకుని, వంగి, ఎగిరి, మళ్లీ గుచ్చుకుంటుంది. కర్రదీ నేలదీ తప్పు లేదు, కర్ర వాలిన కోణానిదే తప్పు. ప్యాడ్ డిస్కును సమంగా తాకకుండా ఒక అంచుతో ముందుగా తాకితే అదే జరుగుతుంది. షెడ్డులో షూ అంచును ఆకురాయితో కాస్త ఏటవాలుగా రాసే మెకానిక్కు ఈ సిద్ధాంతం పేరు విని ఉండకపోవచ్చు, కానీ ఆ కోణాన్ని అతను చేత్తో సరిచేస్తున్నాడు.

డిస్కు బ్రేకు పుట్టుకతోనే దానికి కీచు ఉంది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినప్పుడు అందులోవి రాగి ప్యాడ్లు. లోహం లోహాన్ని రాసుకుని భరించలేని కూత వచ్చేది. 1907 ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగుతో ఆ గోల తగ్గించాడు. ఆ ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు ఎంత చేటో లోకానికి తర్వాత తెలిసింది. మోటారు సైకిళ్లలో 1969 నాటి హోండా సీబీ750 ముందు చక్రపు డిస్కును మామూలు కొనుగోలుదారు దాకా తెచ్చింది. మన రోడ్ల మీద చేతక్, ఆర్ఎక్స్100, సీడీ100ల కాలమంతా డ్రమ్ముల కాలమే. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ వంటి బళ్లతో డిస్కు జనానికి అలవాటైంది. నేటికీ చాలా బళ్లకు ముందు డిస్కు, వెనుక డ్రమ్ము ఉంటాయి. కాబట్టి రెండింటి అరుపులూ వేర్వేరుగా తెలియాలి.

పోత ఇనుము, స్టెయిన్‌లెస్ ఉక్కు

కార్ల డిస్కులు బూడిదరంగు పోత ఇనుముతో చేస్తారు. ఆ ఇనుములో గ్రాఫైటు సన్నని రేకులుగా పరుచుకుని ఉండి కంపనాన్ని మింగేస్తుంది. పోత ఇనుప కడాయిని గరిటెతో కొడితే డబ్బుమని ఊరుకుంటుంది, కంచు గిన్నెను కొడితే చాలాసేపు మోగుతుంది. మోటారు సైకిల్ డిస్కు ఈ విషయంలో కంచు గిన్నె వైపే. దాన్ని గట్టిపరచిన స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేస్తారు. బండి డిస్కు ఎండకూ వానకూ బట్టబయలుగా ఉంటుంది, పోత ఇనుమైతే రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది. తుప్పును తప్పించుకోవడానికి మోగే లోహాన్ని ఎంచుకున్నారన్నమాట. డిస్కు నిండా బెజ్జాలు వేసేది బరువు, వేడి తగ్గించడానికీ, నీటిని తోసేయడానికీ.

సముద్రపు ఒడ్డున ఆ ఎంపిక విలువ తెలుస్తుంది. రామకృష్ణా బీచ్ ఎదుట అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపిన బళ్ల డిస్కు తెల్లవారితే మెరుస్తూనే ఉంటుంది. వెనుక డ్రమ్ములో మాత్రం అల్యూమినియం హబ్బు లోపల పోత ఇనుప వలయమే ఉంటుంది, దానిపై రాత్రి తేమకు పలుచని తుప్పు పొర పడుతుంది. తెల్లవారుజామున ఉక్కు కర్మాగారం మొదటి షిఫ్టుకు బయలుదేరి కూర్మన్నపాలెం వైపు వెళ్లే బళ్లలో మొదటి రెండు మూడు బ్రేకులకు అరిచి తర్వాత నోరు మూసుకునేవి కనిపిస్తాయి. ఆ పొర అరిగిపోగానే కూత పోతుంది. దీనికి మరమ్మతు అక్కర్లేదు.

ఊరి దుమ్ము, ఊరి వాలు

1933లో మొదలైన విశాఖ రేవు గుండా దశాబ్దాలుగా బైలదిల్లా ఇనుప ఖనిజం బయటికి పోతోంది, బొగ్గు లోపలికి వస్తోంది. 1971లో పునాదిరాయి పడి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం తన బొగ్గు, ఖనిజాలతో గాజువాక పక్కనే ఉంది. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, మల్కాపురం, సింధియా దారుల్లో రోజూ తిరిగే బండి డ్రమ్ము విప్పితే లోపలి పొడి నల్లగా, కొన్నిసార్లు ఎర్రటి జీరతో ఉంటుంది. బొగ్గు మెత్తనిది, అది షూ మీద పరుచుకుని నునుపు చేస్తుంది. ఇనుప ఖనిజం గట్టిది, అది గీతలు పెడుతుంది.

బీచ్ రోడ్డు బళ్ల కథ వేరు. విశాఖ, భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైటు, సిల్లిమనైటులతో పాటు గార్నెట్ ఉంటుంది. అలలు వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే ముదురు ఎరుపు చారలు చాలావరకు దానివే. ఉప్పు కాగితం తయారీలో రాపిడి పొడిగా ఈ ఖనిజాన్నీ వాడతారు. రుషికొండ, తిమ్మాపురం వైపు గాలికి లేచిన ఇసుక ప్యాడ్ మెత్తదనంలో ఒక్క రేణువై దిగబడితే, డిస్కు మీద గ్రామఫోను రికార్డు గాడిలాంటి గీత పడుతుంది, సన్నని ఈల మొదలవుతుంది.

ఇక వాలు సంగతి. కీచుకు అన్నిటికన్నా ఇష్టమైన స్థితి తక్కువ వేగంలో మెల్లగా, ఎక్కువసేపు పట్టిన బ్రేకు. పాండురంగపురం డౌన్‌లో సముద్రం వైపు దిగేవాడు బ్రేకును సరిగ్గా అలాగే పట్టుకుంటాడు. సింహాచలం కొండ దారి, కైలాసగిరి దారి, యారాడ ఘాట్ కూడా అంతే. చదును నేల మీది ఊళ్లలో నెలల తరబడి మాట్లాడకుండా ఉండే బ్రేకు ఇక్కడ నోరు తెరవడంలో వింత లేదు.

ఎక్కడ, ఎప్పుడు అరుస్తోంది

పానా పట్టుకునే ముందు చెవి పెట్టడం ఈ పనిలో సగం. ముందు ఏ చక్రమో తేల్చాలి. ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో ముందు బ్రేకు ఒక్కటే, తర్వాత వెనుకది ఒక్కటే పట్టి వినాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ బండిలో వెనుక బ్రేకు తొక్కితే ముందుదీ కొంత పడుతుంది. అందువల్ల వెనుక అరుస్తోందని షూస్ మార్పించి, కూత పోక తల పట్టుకునేవారు ఉన్నారు. అలాంటి బండిని సెంటర్ స్టాండు వేసి, ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి, బ్రేకును కాస్త కాస్తగా పట్టిస్తూ వినాలి. గట్టిగా పట్టినప్పుడు లివరు కింద టకటకమని తగిలేది ఏబీఎస్ పని. అది జబ్బు కాదు.

తర్వాత కాలం చూడాలి. పొద్దున్న మాత్రమే అయితే తేమ. వాన వెలిసిన మర్నాడు మొదలై తగ్గకపోతే డ్రమ్ములో తడిసి గట్టిపడిన పొడి. వాటర్ వాష్ చేయించిన రోజే మొదలైతే టైరుకు పూసిన పాలిష్ డిస్కు మీద పడి ఉంటుంది. చైనుకు స్ప్రే కొట్టిన రోజు మొదలైతే వెనుక డిస్కును అనుమానించాలి. పది కిలోమీటర్లు నడిచి వేడెక్కాకే అరిస్తే ప్యాడ్ నున్నబడి అద్దంలా మారి ఉండొచ్చు, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ సరిగా వదలకపోయి ఉండొచ్చు. రెండోదాన్ని పట్టుకోవడం తేలిక. బ్రేకు వాడకుండా కొంతదూరం నడిపి ఆపి, డిస్కు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించాలి. చుయ్యిమంటే ప్యాడ్ వదలడం లేదు.

బ్రేకు పట్టినా పట్టకపోయినా చక్రం తిరిగినంతసేపూ వచ్చే ధ్వని బేరింగుదో, స్పీడో గేరుదో కావచ్చు. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది. బేరింగు వదులైతే డిస్కు ప్యాడ్ల మధ్య తూగుతుంది, ఎన్ని ప్యాడ్లు మార్చినా కూత తిరిగి వస్తుంది. కూత పోయి గర్రుమనే లోహపు రాపిడి వస్తే మాత్రం బండి అక్కడే ఆపేయాలి. ప్యాడ్ మీది రాపిడి మందు మొత్తం అరిగి, దాని వెనుక ఇనుప పలక డిస్కును కోస్తోందని అర్థం.

కీచుమంటే ప్యాడ్లు అయిపోయినట్టే అన్న నమ్మకం కార్ల నుంచి వచ్చింది. కారు ప్యాడ్లలో చాలావాటికి అరుగుదల తెలిపే చిన్న ఇనుప నాలుక ఉంటుంది. మన మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి అది ఉండదు, ప్యాడ్ మందులో గాడి మాత్రమే ఉంటుంది. గాడి కనపడనంతగా అరిగినా, మందు 1 మిల్లీమీటరుకు వచ్చినా మార్చాలి. డ్రమ్ముకైతే బయట క్యామ్ లివరు పక్కన బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు అది ప్లేటు మీది గుర్తును తాకితే షూస్ ఆయువు తీరింది. నిండు ప్యాడ్లు అరవడం, అరిగిన ప్యాడ్లు మౌనంగా ఉండడం రెండూ మామూలే. కూతను బట్టి మందం లెక్కకట్టకూడదు, కంటితో చూడాలి.

డ్రమ్ము విప్పితే

గాజువాక ఆటోనగర్‌లో గానీ, డాబాగార్డెన్స్ సందుల్లో గానీ రోజుకు ఎన్నో వెనుక చక్రాలు ఊడుతుంటాయి. యాక్సిల్ లాగి చక్రం పక్కకు తీశాక బ్రేకు ప్లేటు చేతిలోకి వస్తుంది. రెండు అర్ధచంద్రాలు, మధ్య రెండు స్ప్రింగులు, ఒక కొసన క్యామ్, రెండో కొసన పిన్ను. ఈ సమయంలో ప్లేటును నేలకేసి కొట్టడం, నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి పెట్టడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాట్లు. ఇవి మానాలి. పేరూ ఊరూ లేని చవక షూస్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, లేకపోయినా ఆ సన్నపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రోజుకు ఇరవై డ్రమ్ములు విప్పే కుర్రాడికి అది ఏళ్ల తరబడి లోపలికి పోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయడం రెండు నిమిషాల పని.

పొడి పోయాక షూ ముఖం చూడాలి. బాగున్న షూ బూడిదరంగులో మసగ్గా ఉంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నల్లరాయిలా మెరిసే మచ్చలు కనిపిస్తే అవే అరుస్తున్న చోట్లు. 80 నంబరు ఎమరీ పేపరును చదునైన పలక మీద పరిచి, షూను దాని వంపు వెంట నెమ్మదిగా దొర్లించినట్టు రాయాలి. చేత్తో కాగితం పట్టి గీకితే మధ్యలో గుంట పడి ముఖం సమం తప్పుతుంది. మెరుపు పోగానే ఆపేయాలి. డ్రమ్ము లోపలి వలయాన్నీ అదే కాగితంతో అడ్డంగా, గళ్లు పడేలా రాయాలి. చుట్టూ ఒకే దిశలో రాస్తే గీతలు షూను పక్కకు లాగుతాయి. వలయపు అంచున వేలికి మెట్టు తగిలితే డ్రమ్ము అరిగినట్టు. లోపలి వ్యాసానికి హద్దు హబ్బు మీదే పోసి ఉంటుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకు అది సాధారణంగా 131.

ఆ తర్వాత అంచు. చక్రం తిరిగే దిశలో ముందుగా తాకే కొసను రెండు మూడు మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా ఆకురాయితో రాయాలి. స్పర్ చెప్పిన గుచ్చుకునే కోణం ఇక్కడే పోతుంది. నా లెక్కలో వెనుక బ్రేకు కూతకు దీన్ని మించిన చవకైన వైద్యం లేదు. కొందరు హాక్సా బ్లేడుతో షూ మీద ఏటవాలు గాట్లు పెడతారు. పొడి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది గనుక నిండు షూస్ మీద లోతు తక్కువ గాట్లకు తప్పు పట్టలేం. అరిగిన షూస్ మీద, మందును ఇనుముకు అతికించిన జిగురు దాకా దిగే గాట్లు ప్రమాదం, మందు ముక్కగా ఊడి చక్రం పట్టేయవచ్చు.

క్యామ్ కడ్డీని బయటికి లాగి, ఉప్పుతేమకు పట్టిన తుప్పు తుడిచి, వేడికి కరగని గ్రీసు పెసరగింజంత రాయాలి. ఎక్కువ రాస్తే వేడికి కారి షూ మీదికే వస్తుంది. సాగిన స్ప్రింగులు షూను వెనక్కి లాగలేవు, అవి రాసుకుంటూ నున్నబడతాయి. కొత్త స్ప్రింగుల ఖరీదు లెక్కలోకి రాదు. ప్లేటును ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ బోల్టు బిగుతు చూసి, దాని పిన్ను వేయడం మరవకూడదు. ఆ బోల్టు వదులైతే ప్లేటంతా వణికి మూలుగుతుంది. బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు పూర్తిగా బిగియక ముందే బ్రేకు తొక్కి పట్టుకుని, అలాగే నట్టు బిగిస్తే షూస్ డ్రమ్ములో తమంత తాము నడిమికి వస్తాయి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. చివరికి పెడల్ కొసన 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంచాలి.

డిస్కు, కాలిపర్

ఇక్కడ పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ. కాలిపర్ రెండు బోల్టులూ తీసి, పిన్ను లాగి, ప్యాడ్లు బయటికి తీయాలి. ప్యాడ్ల వెనుక సన్నని స్ప్రింగు రేకు ఏ వైపు ఉందో విప్పకముందే ఫోను‌తో ఫొటో తీసుకోవాలి. అది తిరగబడినా, పోయినా ప్యాడ్ తన గూటిలో వదులై అరుస్తుంది. పిన్ను మీద, కాలిపర్ జారే కడ్డీల మీద తీరపు గాలికి తుప్పు, అల్యూమినియం మీద తెల్లటి ఉప్పుపొడి పేరుకుంటాయి. మెత్తని బ్రష్షుతో తుడిచి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీసు జారే కడ్డీలకు రాయాలి. మామూలు చాసిస్ గ్రీసు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. ప్యాడ్ వెనుక ఇనుప పలక పిస్టన్‌ను తాకే చోట వేడి తట్టుకునే బ్రేకు గ్రీసు పలుచగా పూస్తే కంపనం మెత్తబడుతుంది. అది ముందు వైపు అంటుకుందో, ప్యాడ్ పనికిరాదు.

నున్నబడిన ప్యాడ్‌ను ఎమరీ మీద ఎనిమిది అంకె తిప్పినట్టు రాయాలి. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గానీ బ్రేకు క్లీనర్‌తో గానీ తుడవాలి. పెట్రోలు ఆరిపోయినా పలుచని పొర మిగిల్చి వెళుతుంది. డిస్కు కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, అంతకు తగ్గితే మార్చడమే. నూనె తాగిన ప్యాడ్‌ను మంట మీద కాల్చి మళ్లీ వాడే పద్ధతి ఉంది. పైన ఆరినా లోపలి నూనె తర్వాత వేడికి తేలుతుంది, కాబట్టి దాన్ని నమ్మకూడదు.

ప్యాడ్ రకం కూడా చూడాలి. లోహపు పొడిని వేడితో ముద్ద చేసిన సింటర్డ్ ప్యాడ్లు వానలో బాగా పడతాయి, చాలాకాలం వస్తాయి, కానీ మెత్తని ఆర్గానిక్ ప్యాడ్ల కంటే ఎక్కువ అరుస్తాయి. ఊళ్లో ఆఫీసుకు తిరిగే బండికి, తయారీదారు సింటర్డ్ కోరకపోతే, ఆర్గానిక్ చాలు. అన్నీ బిగించాక బండి కదిలించే ముందు లివరును గట్టిపడేదాకా పదిసార్లైనా నొక్కాలి. పిస్టన్లు లోపలికి వెళ్లి ఉంటాయి గనుక మొదటి నొక్కుడుకు బ్రేకు ఉండదు. ఈ ఒక్క పని మరిస్తే షెడ్డు ముందే లారీ కిందికి పోవచ్చు.

బ్రేకు ఆయిల్ కూతకు నేరుగా కారణం కాదు, కానీ తీరంలో దాన్ని వదిలేయకూడదు. అది గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. ఆ నీరే పిస్టన్ గూటిని తుప్పు పట్టించి కాలిపర్‌ను వదలకుండా చేస్తుంది, దానితో ప్యాడ్ కాలి నున్నబడి కూతకు వస్తుంది. రెండేళ్లకోసారి మార్చడం తయారీదారుల మాట. విశాఖలో అది ఖర్చు తగ్గించుకోదగ్గ చోటు కాదు.

నూనె చుక్క

కూత ఆపడానికి డ్రమ్ములో కొబ్బరినూనె చుక్క వేసేవారు, డిస్కుకు డబ్ల్యూడీ-40 కొట్టేవారు ఇంకా ఉన్నారు. కూత నిజంగానే ఆగుతుంది, దాంతో పాటు బ్రేకూ పోతుంది. నూనె వేసిన బండి ఆ సాయంత్రమే హనుమంతవాక వాలు దిగాల్సి రావచ్చు. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: రాపిడి ముఖాల మీద నూనె, గ్రీసు, పాలిష్ ఏదీ పడకూడదు. ఘాట్ దిగి వచ్చి కాలుతున్న డిస్కు మీద చెంబెడు నీళ్లు కుమ్మరించడమూ అలాంటిదే. డిస్కు వంకర పోవచ్చు.

ఘాట్ వేడి

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 300 కిలోలనుకుంటే, అనంతగిరి ఘాట్ మీదుగా మైదానానికి దిగేసరికి వదిలించుకోవలసిన శక్తి 26 లక్షల జౌళ్లు దాటుతుంది. 30 డిగ్రీల నీటిని 9 లీటర్లు మరిగించడానికి అంత వేడి కావాలి. ఇంజను, గాలి అందులో తమ వాటా తీసుకుంటాయి. గేరు న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగుల్చుకుందామనుకునేవాడు ఇంజను వాటానూ బ్రేకుల నెత్తిన వేస్తాడు. ప్యాడ్‌లోని జిగురు వేడికి పైకి తేలి అద్దంలా గట్టిపడేది అప్పుడే. సోమవారం ఊళ్లో వినిపించే చాలా కూతలు ఆదివారం ఘాట్‌లో తయారైనవి. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు వేసి, బ్రేకును అదిమి పట్టి వదలకుండా, కొద్దిసేపు గట్టిగా పట్టి పూర్తిగా వదిలేస్తూ దిగితే డిస్కుకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది.

ఇక మరమ్మతులో చివరి మెట్టు. ప్యాడ్లు, షూస్ కొత్తవి వేసినా, పాతవి రాసి బిగించినా అవి లోహంతో కుదురుకోవాలి. తెల్లవారకముందు బీచ్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి ఓ మోస్తరుగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా, మళ్లీ వేగం అందుకుని, మధ్యలో గాలికి చల్లబడనిస్తూ పది పన్నెండుసార్లు చేస్తే ముఖాలు అతుకుతాయి. ఆపైన పాండురంగపురం డౌన్‌లో మెల్లగా ఒకసారి దిగి చూడాలి. మంచుకు తడిసిన డ్రమ్ము మొదటి మలుపులో ఒకసారి కూసి, కిందికి వచ్చేసరికి ఊరుకుంటే, ఆ బండిని ఇక విప్పక్కర్లేదు.